కాక మొక్కిన మొక్కు, ఒంటె మెక్కిన మలీద

శుక్రవారం అనగానే ఒక్కొక్కరికి ఒక్కొక్కటి గుర్తుకొస్తుంది. ఒకరికి సెలవు, ఒకరికి నమాజు, ఇంకొకరికి ఫోనులో ఇంటివాళ్ల ముఖాలు. నేను మస్కట్‌లో కొత్తగా పనికి కుదిరిన రోజుల్లో నాకు మాత్రం ఒక్కటే గుర్తుకొచ్చేది: మటన్. వారమంతా అజైబాలోని సైటులో ఎండకు మాడి, కంపెనీ బస్సులో కునుకుతూ రుసైల్ దగ్గరి క్యాంపుకు చేరి, పప్పో టమాటానో తిని పడిపోయే మా రూముకు శుక్రవారం కాక వండే మటనే పండుగా, జాతరా. కాక నాకు రక్తసంబంధం కాదు. జగిత్యాల దిక్కున మా పక్క ఊరివాడు, గోడలు కట్టడంలో చెయ్యి తిరిగిన మేస్త్రి, మా నాన్న కంటే కొద్దిగా చిన్నవాడు కాబట్టి కాక. భుజం మీద తువ్వాల వేసుకొని, ఎండుకొబ్బరీ గసగసాలూ నూరుకొని, పొయ్యి దగ్గరికి ఎవర్నీ రానివ్వకుండా ఆయన వండుతుంటే, తలుపు బయట గిన్నెలు పట్టుకొని నిలబడ్డ మమ్మల్ని చూసి పక్క రూముల వాళ్లు నవ్వుకునేవాళ్లు. (నవ్వినవాళ్లే ఆ తరవాత కాస్త పులుసు కోసం వచ్చేవాళ్లు. అది వేరే సంగతి.)

అట్లాంటి వైభోగం నడుస్తుండగా నాకు కామెర్లు వచ్చాయి. ఎండకు అలసటేమో అనుకొని పదిరోజులు పట్టించుకోలేదు. చివరికి సైటులోనే కళ్లు తిరిగి పడితే ఆసుపత్రిలో వేశారు. అక్కడ దొరికింది మా నర్సక్క. నరసాపురం వైపు ఆవిడ. నా మాట వినగానే తెలుగువాణ్నని పసిగట్టి, "కళ్లు చూడు, పసుపుకొమ్ముల్లా ఉన్నాయి. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావయ్యా తమ్ముడూ?" అని మొదటి రోజే చీవాట్లు పెట్టింది. నూనె వద్దు, కారం వద్దు, నీచు అనే మాట తలవద్దు. మజ్జిగన్నం, బార్లీ నీళ్లు. రెండోవారం నాకు తెలివి సరిగా లేదట. డాక్టర్లు గుసగుసలాడుకున్నారట. ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి. నాకు తెలిసినంతవరకు ఆ వారమంతా కలలో మటన్ గిన్నె ఒకటి నా ముందు నుంచి నడిచిపోతూ ఉండేది. కళ్లు తెరిచినప్పుడల్లా మంచం పక్కన కాక కూర్చొని ఉండేవాడు. డ్యూటీ దిగి, సిమెంటు బట్టలతోనే, రెండు బస్సులు మారి వచ్చేవాడు. నా ముఖం వంక చూసి, బార్లీ నీళ్లు తాగించి, లేచి వెళ్లిపోయేవాడు.

కొన్నాళ్లకు కోలుకున్నాను. పథ్యం కూడా అయిపోయింది. "ఇక అన్నీ తినొచ్చు, కాస్త చూసుకొని తిను" అని నర్సక్క తానే చెప్పింది. సరిగ్గా శుక్రవారం చూసుకొని పళ్లెం ముందేసుకొని కూర్చున్నాను. కాక గరిటెడు వడ్డించాడు. సొరకాయ కూర. కాక వెనక ఇంకో గిన్నె ఉందేమోనని వంగి చూశాను. లేదు.

"నేను నీచు ఇడ్సిపెట్టిన," అన్నాడు కాక నింపాదిగా. "మొక్కున్నది. సలాలా గుట్ట మీద అయ్యూబ్ నబీ కాడికి పోయి మొక్కు తీర్సుకునేదాక నేను తిన, నా చేతుల వండ, ఈ పొయ్యి మీద ఎవల్ని వండనియ్య."

మా రూములో లొల్లన్న అని ఒకాయన ఉండేవాడు. (ఆయన ఉన్నచోట లొల్లి ఉంటుందని కాదు, ఆయనే లొల్లి.) ఆయన గిన్నె కింద పెట్టి లేచాడు. "ఏం మొక్కినవ్ కాకా? ఎవలి కోసం మొక్కినవ్? మా నోట్ల మన్ను వోసుడు ఏం మొక్కు?"

"మొక్కు తీరెదాక నోటికెల్లి ఎల్లద్దురా. చెప్తె ఫలం పోతది," అని కాక చెయ్యి కడుక్కున్నాడు.

మా దిక్కు మనుషులకు ఇది వివరించక్కర్లేదు. దర్గా కనబడితే చెప్పులు విడిచి దండం పెట్టడం, పీర్లకు మలీద ముద్దలు చేయడం, మొక్కు తీరితే మేకను కోసి కందూరు చేయడం మా ఊళ్లలో కులంతో మతంతో పనిలేకుండా నడిచేవే. క్యాంపులో పక్క రూము హైదరాబాద్ భాయ్ ఒకాయన, ఒళ్లంతా రోగంతో పుండైపోయినా ఓర్పు విడవని ప్రవక్త అయ్యూబ్ నబీ గురించి, దేవుడు ఊటనీళ్లతో ఆయనకు నయం చేసిన సంగతి గురించి, ఆయన సమాధి ఇదే దేశంలో సలాలా కొండ మీద ఉందన్న సంగతి గురించి కాకకు చెప్పాడట. అది ఎప్పుడు చెప్పాడో, ఎందుకు చెప్పాల్సివచ్చిందో ఆలోచిస్తే ఎవరికైనా విషయం అర్థమయ్యేది. నాకు అర్థం కాలేదు. ఆ నెలలోనే మా ఫోర్‌మన్ ఊరికి వెళ్లిపోతున్నాడు, కాక ఆ పోస్టు కోసం మొక్కుకున్నాడని తేల్చేశాను. రూములో అందరికీ అదే చెప్పాను. నా తెలివి అలా తెల్లారింది. పైగా రాత్రి పక్క ఎక్కి, 'పదవి కోసం బతికున్న మనుషుల కడుపు కొడతారా' అని కాకను మనసులో తిట్టుకునేవాణ్ని.

నెలలు గడిచాయి. ఫోర్‌మన్ వెళ్లాడు, ఇంకొకతను వచ్చాడు, కాక మేస్త్రిగానే ఉన్నాడు, సొరకాయా అలాగే ఉంది. లొల్లన్న పక్క రూము పొయ్యి అడుక్కొని ఒకసారి మటన్ వండాడు. దాన్ని నమలలేక మా దవడలు రెండు రోజులు డ్యూటీకి పనికిరాలేదు. మలయాళీ హోటల్లో తిన్నాం. బాగానే ఉంది, కానీ అది కాక చేతిది కాదు. ఆఖరికి బక్రీద్ వచ్చింది. పొద్దున్నే హైదరాబాద్ భాయ్ పెద్ద గిన్నె నిండా మటన్ పంపించాడు. కాక దాన్ని రెండు చేతులా అందుకొని, కళ్లకద్దుకొని, "ఈద్ ముబారక్ భాయ్" అని నిండు మనసుతో చెప్పి, తలుపు మూసీ మూయగానే ఆ గిన్నెను అలాగే తీసుకెళ్లి నేపాలీల రూములో ఇచ్చేసి వచ్చాడు. ఆ గిన్నె వరండాలో మలుపు తిరిగేదాకా మేం తలుపు దగ్గర నిలబడి చూశాం. అప్పుడు లొల్లన్న అన్నాడు, "ఇగ లాభం లేదు. సెలవులున్నయ్. ఈ ముసలాయన్ని ఎత్తుకపోయి ఆ గుట్ట మీద వెడదాం. మొక్కు తీరెదాకా కిందికి దింపద్దు."

నర్సక్క భర్త వ్యాను నడిపేవాడు. మేం అడగ్గానే, తమకూ ఎప్పటినుంచో సలాలా వాన చూడాలని ఉందని బయల్దేరారు. అయ్యూబ్ నబీ అంటే ఎవరో తెలియగానే నర్సక్క చెంపలు వేసుకుంది. "అయ్యో, యోబు గారండీ! మా బైబిల్లో ఉన్నాడు. చిన్నప్పుడు సండేస్కూల్లో ఆయన పాట పాడి నేను పెన్సిల్ పెట్టె గెలుచుకున్నాను."

కాక ముఖం వెలిగిపోయింది. "సూసినవా, ఆయన గట్టి మనిషి బిడ్డా. రెండు దిక్కుల చెల్లుతడు."

వెళ్లే ముందురోజు కాక స్నానం చేసి, రొట్టెలు కాల్చి, బెల్లమూ నెయ్యీ కలిపి, చేతులతో మెదిపి మలీద చేశాడు. అక్కడ మేకను కోసి కందూరు చేయడం మన చేతిలో పని కాదు కాబట్టి మలీదతో సరిపెడతానని నబీకి ముందే విన్నవించుకున్నాడట. ఖాళీ పాలపొడి డబ్బాను కడిగి, తుడిచి, ఎండబెట్టి, దాని నిండా కుక్కి, మూత పెట్టి తువ్వాలతో కట్టాడు. ఊరినుంచి దాచి తెచ్చుకున్న ఊదుబత్తీలు రెండు కట్టలు కూడా సంచిలో వేశాడు. (ప్రపంచానికంతా సాంబ్రాణి పంపే ఊరికి మేం జగిత్యాల ఊదుబత్తీలు మోసుకెళ్లాం. సలాలా బజారులో బస్తాల కొద్దీ సాంబ్రాణి చూశాక లొల్లన్న ఆ సంచిని సీటు కిందికి తోసేశాడు.)

దారి గురించి ఏం చెప్పను. పొద్దున చూసిన ఎడారే మధ్యాహ్నమూ ఉంది, సాయంత్రమూ ఉంది. కాక ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకొని చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. దారి మధ్యలో హైమా అనే ఊళ్లో టీ తాగడానికి దిగినా డబ్బాతోనే దిగాడు. నాకు ఆకలేసి ఒకసారి దానివంక చూస్తే, "చూపు గూడ వెట్టకు. ముందు ఆయన చూడాలె. తర్వాత మొదటి ముద్ద ఎవల పేరున మొక్కిన్నో ఆళ్ల చేతుల వెట్టాలె. ఆ తర్వాత నీ ఇష్టం," అన్నాడు. సరే, మొదటి ముద్ద కాకే తింటాడు, రెండోది నేను లాగేయొచ్చు అనుకొని కళ్లు మూసుకున్నాను. సలాలాకు దగ్గరపడి ఘాట్ రోడ్డు దిగుతుంటే ఎవరో దుప్పటి కప్పినట్టు మంచు కమ్మేసింది. ఆ తరవాత అద్దం బయట పచ్చగడ్డి. పొద్దుటినుంచి మన్ను తప్ప ఏమీ చూడని కళ్లకు అది నిజమని నమ్మడానికి కాస్త సమయం పట్టింది. కాక అద్దానికి ముక్కు ఆనించి, "మన దిక్కు శ్రావణమాసం లెక్కనే ఉన్నది గదరా," అన్నాడు.

ఆ రాత్రి ఊళ్లో ఒక గదిలో పడుకొని, తెల్లారి కొండ ఎక్కాం. మెలికల రోడ్డు, పది అడుగుల అవతల ఏముందో కనిపించని మంచు, మధ్యలో తమ అత్తగారి ఊరికి పోతున్నట్టు తీరిగ్గా నడిచే ఒంటెలు. నర్సక్క భర్త హారన్ కొట్టి కొట్టి అలసిపోయి, ఒంటెకు దండం పెట్టాడు. రోడ్డు పక్కన గడ్డి మీద చాపలు వేసుకొని, దుబాయ్‌నుంచీ ఇంకా ఎక్కడెక్కడినుంచో వచ్చిన కుటుంబాలు తుంపరలో తడుస్తూ టీలు తాగుతున్నాయి. మా ఊళ్లో అంత వానకు గేదె కూడా చెట్టు కిందికి పోదు. అదే తుంపరకు ఇక్కడ కొండంత జనం మురిసిపోతుంటే మాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది, ఆ వాన మేమే తెచ్చినట్టు.

కొండ మీద చిన్న తోట, దాని నడుమ గుమ్మటం ఉన్న తెల్లటి చిన్న కట్టడం. పెద్ద గోపురాన్నేదో ఊహించుకున్న నాకు, 'ఇంతేనా' అనిపించింది. దగ్గరికి వెళ్లేసరికి మాత్రం లొల్లన్న కూడా గొంతు తగ్గించాడు. గుమ్మం దగ్గర తెల్లగడ్డం పెద్దాయన ఒకరు మమ్మల్ని చూసి చేత్తో సైగ చేశాడు. చెప్పులు విడవండి, తల కప్పుకోండి అని. తరవాత కాక చేతిలోని డబ్బా చూసి తల అడ్డంగా ఊపాడు. ఆసుపత్రిలో పనిచేసి నర్సక్కకు అరబ్బీ మాటలు వచ్చు. అడిగి మాకు చెప్పింది: "లోపల తినుబండారాలూ నైవేద్యాలూ ఇక్కడ పద్ధతి కాదంట బాబాయ్ గారూ. ఊరికే సలాం చేసి, మనసులో ఏదుంటే అది అనుకొని రమ్మంటున్నాడు. డబ్బా బయట పెట్టండి."

కాక కాసేపు ఆలోచించాడు. అన్నీ పోగా ఆయనకు ఒక ఉపాయం తోచింది. గుమ్మానికి ఎదురుగా ఉన్న పొట్టిగోడ మీద డబ్బా పెట్టి, తువ్వాల విప్పి, మూత తీసి పక్కన పెట్టాడు. "మూత వెడితే ఆయనకెట్ల కనబడతది? చూపు పడితే చాలు," అన్నాడు. వద్దని చెప్పాలని మాలో ఒక్కడికీ తోచలేదు.

లోపల పచ్చటి బట్ట కప్పిన పొడవాటి సమాధి. ఇంత పొడవెందుకో అడగాలనిపించింది గానీ అడిగే చోటు కాదు. నర్సక్క చున్నీ తలమీదికి లాక్కొని కళ్లు మూసుకొని పెదవులు కదుపుతోంది. కాక చేతిరుమాలు నెత్తికి కట్టుకొని, గోడవారగా నిలబడి, రెండు చేతులూ జోడించి, ఏం చెప్పుకున్నాడో ఏమో, చాలాసేపు చెప్పుకున్నాడు. నేనేం కోరుకున్నానో చెప్పనా? 'స్వామీ, ఈయన మొక్కు ఈ పూటతో తీరిపోవాలి, సాయంత్రానికల్లా మటన్ దొరకాలి.' అంత దూరం వెళ్లి, అంత ఓర్పుగల మహానుభావుడి ముందు నిలబడి, నేను అడిగింది అదీ.

బయటికి వచ్చేసరికి మంచులోంచి పొడవాటి మెడ ఒకటి కిందికి వంగి ఉంది. ఒంటె డబ్బాలో మూతి పెట్టి, కళ్లు అరమూసుకొని, మా మలీదను నింపాదిగా, మర్యాదగా, చివరి ముద్దదాకా మెక్కుతోంది. లొల్లన్న అరుపుకు కొండంతా మేలుకొని ఉండాలి. ఆ అరుపుకు ఒంటె తల ఎత్తి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి, నాలుకతో పెదవులు తుడుచుకొని, వచ్చిన మంచులోకే వెళ్లిపోయింది. డబ్బా గోడ మీంచి దొర్లి కింద పడింది.

నేను నవ్వబోయి కాక ముఖం చూసి ఆగిపోయాను. ఆయన గోడ మీద కూలబడ్డాడు. "నెలలకొద్ది నిష్ఠగ ఉన్న గదరా. ఆఖరికి గింత పనాయె. మొక్కు దక్కలేదు. ఇప్పుడు ఏమన్న అయితదేమో..." అంటూ నావైపు చూసి, మాట మింగాడు. ఇక ఆ పొయ్యి మీద మటన్ ఉడకదన్న దిగులుకంటే ఆ చూపుకు నాకు ఎక్కువ భయం వేసింది. ఏమైనా అవడమేమిటి, ఎవరికి?

గుమ్మం దగ్గరి పెద్దాయన నెమ్మదిగా వచ్చి, ఖాళీ డబ్బాను చూసి, సంగతి నర్సక్కను అడిగి తెలుసుకున్నాడు. ఆయనకు నవ్వొచ్చింది గానీ గడ్డంలోనే దాచుకొని ఏదో అన్నాడు. నర్సక్క కాక పక్కన కూర్చొని చెప్పింది: "ఆకలిగా వచ్చిన అతిథి తింటే అది పోయినట్టు కాదు, చేరినట్టేనంట బాబాయ్ గారూ. అయినా యోబు గారి గుమ్మంలో కూర్చొని ఓర్పు పోగొట్టుకుంటారా ఎవరైనా? ఊరుకోండి."

కాక ముక్కు తుడుచుకున్నాడు. వంగి, గోడ పక్కనున్న మూత తీసి చూశాడు. కుక్కికుక్కి నింపాడు కదా, మూత లోపలివైపు అంచుకు నిమ్మకాయంత మలీద అంటుకొని ఉంది. దాన్ని వేలితో జాగ్రత్తగా గీకి, అరచేతిలో ముద్ద చేసి, లేచి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"నోరు తెరువ్ కొడుకా."

"నేనెందుకు కాకా? మొదటి ముద్ద..."

"నీ పేరుననే మొక్కిన. ఆ దవాఖానల నువ్వు పచ్చగ పండినట్టు పండుకుంటివి. పేరు వెట్టి పిలిస్తె పలుకవైతివి. మీ అవ్వకు ఫోన్ల ఏం చెప్పాలె నేను? పోరడు లేచి నా చేతి కూర తింటె, నీ గుట్టకు తోలుకొచ్చి నీ ముందట ముద్ద వెడత అని మొక్కిన. ఇగో, తోలుకొచ్చిన."

ఫోర్‌మన్ పోస్టు, పక్క మీద తిట్టుకున్న తిట్లు, లోపల అడిగిన కోరిక, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చి ఏడుపొచ్చింది. నర్సక్క మాత్రం నర్సక్కే. "ఒరేయ్ తమ్ముడూ, ఆగు! ఒంటె మూతి పెట్టిందయ్యా, మొన్ననే లివరు బాగుపడ్డవాడివి!" అంది. "డబ్బాల వెట్టింది బిడ్డా, మూత ముట్టలేదు, నేను జామీను," అన్నాడు కాక. నర్సక్క మూతను అటూ ఇటూ తిప్పి చూసి, తెల్లగడ్డం పెద్దాయన వైపు చూసి, చివరికి తల పక్కకు తిప్పుకుంది. నేను నోరు తెరిచాను. బెల్లం, నెయ్యి, కాస్త వాననీళ్లు. అంతకంటే రుచైనది ఆ తరవాత నేనెక్కడా తినలేదు. మటన్‌తో సహా.

కొండ దిగే దారిలో రాళ్లమీద మాంసం కాల్చి అమ్ముతున్నారు. అడిగితే మేకదీ ఉంది, ఒంటెదీ ఉంది అన్నాడు కొట్టువాడు. "ఒంటెది వెట్టు భాయ్, పగ తీర్సుకోవాలె!" అని లొల్లన్న ముందుకు దూకాడు. కాక ఆయన చొక్కా పట్టుకొని వెనక్కి లాగాడు. "వద్దురా. నా మొక్కు అందుకున్న జీవి అది. దాని జాతిని ముట్టద్దు." మేకదే తిన్నాం. నెలల తరవాత కాక మొదటి ముక్క నోట్లో పెట్టుకొని, కళ్లు మూసుకొని నమిలి, "ఉప్పు తక్కువున్నది," అన్నాడు. ఆ మాటతో మా రూముకు మంచిరోజులు వచ్చాయని అందరికీ తెలిసిపోయింది. ఆ తరవాతి శుక్రవారం రుసైల్‌లో పక్క రూములవాళ్లు కూడా గిన్నెలతో నిలబడ్డారు.

ఇప్పుడు నేను అదే రుసైల్‌లో ఒక గోదాములో స్టోర్ చూసుకుంటున్నాను. కాక ఊరికి వెళ్లిపోయి చాలాకాలమైంది. రూములో వంట నాది. గసగసాలు నూరడం కాక నేర్పినట్టే నూరుతాను. కుర్రాళ్లు తలుపు బయట గిన్నెలతో నిలబడతారు. నిలబడేవాళ్లు అనాలి. వేసవిలో నేను నీచు మానేశాను. కొలెస్ట్రాల్ అనీ, నర్సక్క తిట్టిందనీ చెప్పాను. (తిట్టిన మాట అబద్ధం కాదు. ఆవిడ ఎప్పుడూ తిడుతూనే ఉంటుంది.) సొరకాయ చూసి చూసి విసిగిపోయిన కుర్రాళ్లలో ఒకడు మొన్న నా ఎదురుగా వచ్చి నిలబడి, "అన్నా, కొలెస్ట్రాల్ అయితే నువ్వు తినకపోతే అయిపాయె, పొయ్యేం జేసింది? ఏ గుట్టకు పోవాల్నో చెప్పు, బండి మేం మాట్లాడుతం," అన్నాడు. ఆ వయసులో నాకు లేని తెలివి వాడికి ఉంది. ముచ్చటేసింది.

కాక ఈ ఎండాకాలం కరీంనగర్‌లో గుండె ఆపరేషన్ చేయించుకున్నాడు. ఇప్పుడు లేచి తిరుగుతున్నాడు. శుక్రవారం ఫోన్ చేసి, "ఏం వండిండ్రురా?" అని అడుగుతాడు. "సొరకాయ కాకా" అంటే "సలాలాల వానలు వడుతున్నయా?" అంటాడు. ఎందుకని మాత్రం అడగడు. మా దిక్కు మనిషి కదా.

వానలు మొదలవగానే సలాలా వెళ్తున్నాం, బండి మాట్లాడారు. ఈసారి కాక అంత దూరం రాలేడు కాబట్టి మొదటి ముద్దను ఎండబెట్టి ఊరికి పంపాలి. ఎవరి పేరున అని మీరు కూడా అడగకండి, మొక్కు తీరేదాకా చెప్పకూడదు. మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి కొన్నాను. అయితే గుమ్మం ఎదుట ఆ మూత తీయక తప్పదు కాబట్టి, ఆ పొట్టిగోడ దగ్గర కాపలాకు ఒక కుర్రాణ్ని కూడా ఇప్పుడే ఖాయం చేసుకున్నాను.